పిడి మీద రెండు చేతులు

గుప్పెడు గోధుమలు తిరగలి కంట్లో జారవిడిచి పెద్దకోడలు పిడి పైభాగం పట్టుకుంది. కింది భాగం చిన్నకోడలిది. ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు తోడికోడళ్ళిద్దరికీ తలలు నెరిసినా, గోధుమలు విసిరించుకోవడానికి వచ్చే వీధివాళ్ళకు మాత్రం వాళ్ళు ఇంకా పెద్దకోడలూ చిన్నకోడలే.

వంటింట్లో ఇద్దరికీ క్షణం పడదు. ఉప్పెక్కువైందని ఒకరంటే, నీ నోటికే రుచి చచ్చిందని ఇంకొకరు. తిరగలి ముందు ఎదురెదురుగా కూర్చున్నారంటే మాత్రం వీధిలో వాళ్ళ గుట్లన్నీ పిండితోపాటు రాలాల్సిందే.

కొన్నాళ్ళుగా చిన్నకోడలికి ఒకటే దిగులు. అక్క చెయ్యి పిడి మీద ఉంటోంది గానీ లాగడం లేదు. "నా చెయ్యి నీకు బరువైన రోజు చెప్పెయ్, లేచిపోతా. ఉత్తినే కూర్చునే రకం కాదు నేను," అని అక్క ఎప్పుడో ఒట్టు వేయించుకుంది. లేస్తే మంచం పడుతుంది. మంచం పడితే ఆ మనిషి దక్కదు. అందుకే చిన్నకోడలు రెండో సగం కూడా తనే లాగుతూ, రొప్పు బయటపడకుండా అబద్ధాలాడుతోంది.

ఇవాళా అదే పాట. "మెల్లగా లాగక్కా, నా భుజం ఊడొచ్చేలా ఉంది."

పెద్దకోడలు పడీపడీ నవ్వింది. ఆమె కనుబొమల మీది పిండి రాలింది.

"ఎందుకే ఆ దొంగేడుపు? నేను లాగడం మానేసి చాన్నాళ్ళైంది."

"తెలిసీ లేవలేదేం మరి?"

"రాణిలా కూర్చోబెడితే లేవడానికి నాకేం పిచ్చా? పైగా ఇక్కడైతే నీ మొహం చూడబుద్ధేస్తుంది. వంటింట్లో అస్సలు బాగోవు."

చిన్నకోడలికి కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఇద్దరూ ఊగిపోతుంటే గోధుమలు చాపంతా చెల్లాచెదురయ్యాయి. ఇన్నాళ్ళూ ఎంత భయపడిందో తలుచుకుని ఆమె కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ పిడి పట్టి, ఈసారి దాపరికం లేకుండా రొప్పుతూ లాగింది. పెద్దకోడలు నవ్వుతూనే తల గోడకు ఆనించింది. కాసేపటికి ఆమె చెయ్యి జారి పిండిలో మెత్తగా పడింది.

"అక్కా?"

పలకలేదు. మొహంలో నవ్వు అలాగే ఉంది.

కొన్నాళ్ళకు వీధివాళ్ళు మళ్ళీ గోధుమలు తెచ్చారు. చిన్నకోడలు తన చోటులోనే కూర్చుంది. ఒంటరిగా తిప్పడం ఆమెకు కొత్తేం కాదు కదా! "మెల్లగా లాగక్కా," అని ఎదుటి గోడతో అని, తనలో తనే నవ్వుకుని తిప్పడం మొదలుపెట్టింది. చెయ్యి మాత్రం పైకి జరపలేదు. అక్క అరచెయ్యి రాసుకుని రాసుకుని నున్నబడిన పిడి పైభాగం, పిండి అంటకుండా మెరుస్తూ తిరుగుతోంది.