ఒక్కటే ఆప్షన్

డిగ్రీ సీట్ల ఆఖరి విడతకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే చివరి రోజు. సాయంత్రం ఐదింటికి సైటు మూసేస్తారు. యూసుఫ్‌గూడలో మా జూనియర్ కాలేజీ నుంచి ఇంటర్ పాసైన పిల్లలకు ఈ పని దగ్గరుండి చేయించే బాధ్యత నాది. "నవీన్, నువ్వు కామర్స్ వాడివి, కంప్యూటర్ కూడా వచ్చు, నువ్వే చూడు" అన్నారు ప్రిన్సిపాల్ గారు ఎండాకాలం మొదట్లో. అప్పటినుంచి నేనే చూస్తున్నాను.

నిజానికి ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. డిగ్రీ కాలేజీలన్నిటికీ కలిపి ఒకటే సైటు. పిల్లలు తమకు కావలసిన కాలేజీనీ కోర్సునూ ఇష్టం కొద్దీ వరుసగా పెట్టుకోవాలి. మార్కులను బట్టి కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సీటిస్తుంది. అంతే. కానీ ఆ 'అంతే'ను ఒక్కొక్కరికీ మొదటినుంచి విప్పి చెప్పాలి. ఒక తండ్రి ఏ కోర్సులో చేరితే దసరాకల్లా ఉద్యోగమొస్తుందని అడుగుతాడు. ఒకమ్మాయి పేరు మెమోలో ఒకటుంటే ఆధార్‌లో ముద్దుపేరు చిన్ని అనే ఉంటుంది. ల్యాబులో పనిచేసే కంప్యూటర్ ఒక్కటే. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. నన్ను చేర్పించడానికి వచ్చిన మా నాయిన కాలేజీ ఆఫీసు గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఏమడగాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే ఈ పిల్లలను విసుక్కోలేను. అలా అని అలసట ఆగదు కదా.

మధ్యాహ్నం నిహారిక వచ్చింది. బైపీసీ పిల్ల, మంచి మార్కులే. బీఎస్సీ న్యూట్రిషన్ చదవాలని పట్టుదల. రెండు విడతలైపోయినా సీటు రాలేదు.

"ఎన్ని ఆప్షన్లు పెట్టినవ్?" అన్నాను.

"ఒక్కటి సార్."

"రెండో విడతల?"

"గదే."

"మరి ఇప్పుడు?"

ఆ పిల్ల తల వంచుకుంది.

"ఐదారన్నా పెట్టమని బోర్డు మీద రాసి మరీ చెప్పిన కదనే!"

"నాకెరుకే సార్. అమ్మ పెట్టనియ్యలే. గా ఒక్క కాలేజీ చాలన్నది."

ఆ ఒక్క కాలేజీలో ఈ కోర్సుకు సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఈ విడతలోనూ అదొక్కటే పెడితే ఏడాది పోయినట్టే. ఏడాదిపాటు ఖాళీగా ఉన్న పిల్లలు మళ్లీ చదువులోకి రావడం నేను పెద్దగా చూడలేదు.

"సరే, ఇప్పుడు మార్చుదాం. సైటు పిన్ చెప్పు."

"అమ్మకే తెలుసు సార్. నేను అందాజగా కొట్టి చూస్తే లాక్ అయింది. కొత్త పిన్ కావాల్నంటే ఓటీపీ అమ్మ ఫోన్‌కే పోతది. ఫోనేమో స్విచాఫ్."

వాళ్లమ్మ లీలాకుమారి గారు జూనియర్ ఆర్టిస్టు. సినిమాల్లో పెళ్లిళ్లకూ సంతలకూ వెనక నిలబడే మనుషుల్లో ఒకరు. భీమవరం వైపు నుంచి వచ్చి కృష్ణానగర్‌లో ఉంటున్నారు. ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. పెద్ద సినిమాలకు లోపలి ఫొటోలు బయటికి రాకుండా అందరి ఫోన్లూ గేటు దగ్గరే తీసుకుంటారట. ఆ రోజు షూటింగ్ ఫిల్మ్‌నగర్‌లో ఉంది.

మిగిలిన పిల్లలను ఫిజిక్స్ కమలాకర్‌కు అప్పజెప్పాను. "హీరోయిన్ కనిపిస్తే నా పేరు చెప్పు" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. నిహారికను వెనక ఎక్కించుకుని చెక్‌పోస్టు మీదుగా ఫిల్మ్‌నగర్ చేరేసరికి నా స్కూటీ రొప్పుతోంది, నేనూ రొప్పుతున్నాను.

షూటింగులకు అద్దెకిచ్చే పెద్ద ఇల్లది. గేటుకు అరటిచెట్లు కట్టారు, మామిడాకుల తోరణం కట్టారు. పక్కనే జనరేటర్ వ్యాను మోత. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన చొక్కా జేబు మీద బాలనర్సయ్య అని రాసి ఉంది. ఆయన కాళ్ల దగ్గర సంచీ నిండా ఫోన్లు, ఒక్కోదానికి ఒక చీటీ.

"జూనియర్ ఆర్టిస్టు ఒకామెతో మాట్లాడాలన్నా. అర్జెంటు. ఈ పిల్ల వాళ్ల బిడ్డ."

"గిప్పుడు కాదు సారూ. లోపట తాళి గట్టే సీన్ నడుస్తుంది. హీరో తాళి గట్టెదాంక ఎవ్వరు బయటికి రారు."

"ఎప్పుడు కడతడు?"

"పొద్దుగాల నుంచి కడుతనే ఉన్నడు."

"పోనీ ఆమె ఫోనన్నా ఇయ్యే అన్నా, ఒక్క మెసేజ్ చూసుకుంటం."

"ఆమె లేకుండ ఆమె ఫోన్ నీకెట్లిస్త? సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

నిజమే. ఎదురుగా ఉన్న గోడ నీడలో నిలబడ్డాం. లోపల నుంచి మేళాలు మోగడం, ఎవరో కట్ అని అరవడం, మళ్లీ మొదటినుంచి మేళాలు. నిహారిక మాటిమాటికీ నా గడియారం వంక చూస్తోంది. భయమైతుందా అని అడిగితే లేదంటుంది. భోజనాలకు వదిలేసరికి మూడు దాటింది.

లీలాకుమారి గారు పట్టుచీరలో, మెడ నిండా గిల్టు నగలతో, చేతిలో అన్నం ప్లేటుతో వచ్చారు. కూతుర్ని చూసి గతుక్కుమన్నారు.

"ఏంటే, ఇక్కడికొచ్చావ్? ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. సార్ వచ్చారు, ఆప్షన్ల గురించి." నిహారిక బయట మా భాష మాట్లాడుతుంది, తల్లితో మాత్రం తల్లి భాషే.

"అయ్యో, మీరు ఇంత ఎండలో రావడమేంటండీ! ఒక్క ఫోన్ చేస్తే..." అని ఆగి, తనే నవ్వారు. "ఫోనెక్కడుందిలెండి."

నేను సంగతి చెప్పాను. ఆమె ప్లేటు అరుగు మీద పెట్టి శ్రద్ధగానే విన్నారు. విన్నాక తల అడ్డంగా ఊపారు.

"తెలీక చెయ్యలేదండీ. బాగా ఆలోచించే ఒక్కటి పెట్టించాను. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఏజెంటు అడిగాడు, ఏం వేషం చేస్తావమ్మా అని. ఏదైనా చేస్తానండీ అన్నాను. అంతే. ఏదైనా అన్నదాన్ని గుంపులో నిలబెట్టారు. పదహారేళ్లయింది, గుంపులోనే ఉన్నాను. నాతోపాటే వచ్చింది నీలమ్మ. అమ్మ వేషమైతేనే చేస్తానని ఇంట్లో కూర్చుంది. ఏడాది కూర్చుందండీ, తిండికి కూడా ఇబ్బంది పడింది. ఇప్పుడు సీరియల్లో అత్తగారు. కార్లో దిగుతుంది. ఇది కాకపోతే అది, అది కాకపోతే ఇంకోటి చాలు అని మనమే చెప్పుకుంటే మంచిది మనకెవరిస్తారు?"

"అక్కడ మనిషిని చూసి ఇస్తరమ్మా. ఇక్కడ చూసేటోళ్లే లేరు, అంతా కంప్యూటరే. మొదటి ఆప్షన్ల సీటుంటే అక్కడనే ఇచ్చేస్తది. కింద ఎన్ని పెట్టినా వాటి దిక్కు చూడనే చూడదు."

"ఆ కంప్యూటర్ని పెట్టింది మనుషులే కదండీ."

ఇంకోలా చెప్పి చూశాను.

"జర వినుండ్రి. మీరు హోటల్‌కు పోయి, ఇడ్లీ తేవయ్యా, ఇడ్లీ లేకపోతే దోసె, అదీ లేకపోతే ఉప్మా అన్నరనుకోండ్రి. ఇడ్లీ ఉండంగ ఉప్మా తెస్తడా?"

"తెస్తాడండీ. పొద్దుటి ఉప్మా మిగిలిపోతే అదే తెస్తాడు."

బాలనర్సయ్య కుర్చీలోంచి పకపకా నవ్వాడు. "కరెక్టే చెప్పింది సారూ. నాకు గట్లనే తెచ్చిండు మొన్న."

నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఎండాకాలమంతా ఇవే మాటలు మాట్లాడి నా నోరు అరిగిపోయింది. ఇక ఈమెకు చెప్పడం నా వల్ల కాదేమో అనుకుంటూ ఉన్నాను. అప్పుడు నిహారిక మాట్లాడింది.

"అమ్మా, నువ్వు రాజమండ్రి ఔట్‌డోర్ వెళ్లినప్పుడు నేను షూటింగ్‌కి వెళ్లాను."

లీలాకుమారి గారి ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మారాయి. "ఎవరు తీసుకెళ్లారు?"

"ఓంప్రకాష్ అంకుల్."

ఓంప్రకాష్ అంటే జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు పంపే ఏజెంటు. ఈమెకు పని ఇచ్చేదీ ఆయనే.

"కాలేజీ సీనుకి అమ్మాయిలు తక్కువయ్యారన్నాడు. సీటు రాలేదటగా, ఖాళీగానే ఉన్నావుగా, రా అన్నాడు. వెళ్లాను. కాలేజీ మెట్ల మీద కూర్చోబెట్టి చేతికి పుస్తకాలిచ్చారు. తెరిస్తే లోపలన్నీ తెల్లకాగితాలు. పేజీలు తిప్పుతూ నవ్వమన్నారు. సాయంత్రం దాకా నవ్వాను."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేంటే?"

"చెప్తే ఆయనతో గొడవ పడతావు. గొడవ పడితే నీకు పని ఇవ్వడు." ఆ పిల్ల గొంతు పెద్దదేమీ కాలేదు. "నేను ఏదైనా చేస్తానని అనలేదమ్మా ఆయనతో. నన్నేమీ అడగనే లేదు. ఖాళీగా ఉన్నాను, అది చాలింది. మళ్లీ వచ్చే వారం ఇంకోటుందట. సీటు లేకపోతే ఏమని చెప్పి మానెయ్యను?"

లీలాకుమారి గారు జారిన పైట పిన్ను తీసి మళ్లీ పెట్టుకున్నారు. సరిగ్గా కుదరక ఇంకోసారి పెట్టుకున్నారు.

"అన్నం తిన్నావా?" అన్నారు చివరికి.

"లేదు."

ప్లేటు కూతురి చేతిలో పెట్టి గేటు వైపు తిరిగారు. "అన్నగారూ, నా ఫోనివ్వండి."

"ఇస్తగని, మళ్ల లోపటికి తీస్కపోవద్దు. నా నౌకరి పోతది."

ఓటీపీ ఎంతకీ రాలేదు. జనరేటర్ వ్యాను పక్కన సిగ్నల్ లేదని ఫోన్ పైకెత్తి పట్టుకుని రోడ్డు మలుపు దాకా నడిచాం. కొత్త పిన్ పెట్టి, నా ఫోన్లో సైటు తెరిచాను. నేనొక్కో కాలేజీ పేరు చదువుతుంటే ఆమె ఒక్కోదాని గురించీ అడిగారు. సర్కారుదేనా, బస్సుందా, సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, ఆడపిల్లలే ఉంటారా. రెండోది నగరం మధ్యలోది. మూడోదానికి రెండు బస్సులు మారాలి. నాలుగోది, ఐదోది ఇంకా దూరం. ఆరోది ఆమె వద్దన్నారు, నేను ఊరుకున్నాను.

లోపల నుంచి ఎవరో కేకేశారు, పెళ్లికూతురు తరపు వాళ్లంతా రావాలని. ఆమె ఫోన్ తిరిగి సంచీలో వేశారు.

"మొదటిది మాత్రం కదపకండి సార్."

"కదపనమ్మా. అది పైనే ఉంటది."

ఆమె ముద్ద తినకుండానే లోపలికి వెళ్లిపోయారు. నిహారిక అరుగు మీద కూర్చుని చల్లారిన అన్నం తింటూ నేను చూపించిన వరుసను రెండుసార్లు చదువుకుంది. తర్వాత ఎడమచేత్తో తనే సేవ్ నొక్కింది.

లిస్టు వచ్చిన రోజు పొద్దున్నే తల్లీ కూతురూ కాలేజీకి వచ్చారు. లీలాకుమారి గారు రాత్రి షూటింగ్ నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. చెవుల దగ్గర మేకప్ పూర్తిగా పోలేదు. ల్యాబులో నేను సైటు తెరిచాను. మూడో ఆప్షన్‌లో సీటు వచ్చింది. కోర్సు మాత్రం కోరుకున్నదే.

"మొదటిది రాలేదన్నమాట" అన్నారామె.

"రాలేదమ్మా."

"కింద ఇవి పెట్టకుండా ఉంటే వచ్చేదేమో."

"వచ్చేది కాదమ్మా. చూడుండ్రి, అక్కడ సీట్లు ఎక్కడ ఆగినయో ఇక్కడుంది. మన మార్కులు దానికి కింద ఉన్నయి."

ఆమె తెర దగ్గరకు వంగి ఆ అంకెలను చూశారు. నమ్మారో లేదో నాకు తెలియదు.

"ఇప్పుడు దీనికి సరేనంటే?"

"ఇక ఇదే కాలేజీ. వద్దంటే మళ్లీ వచ్చే ఏడే."

నిహారిక ఒక చెయ్యి మౌస్ మీద పెట్టి తల్లి వంకే చూస్తోంది. వెనక గుమ్మంలో ఇంకో తండ్రి, ఇంకో కొడుకు నిలబడి ఉన్నారు. కాసేపాగమని వాళ్లకు సైగ చేశాను.

"ఎదురుచూడ్డం నాకు అలవాటేనండీ" అన్నారు లీలాకుమారి గారు. "దాని చేత చేయించలేను. నొక్కవే."

నిహారిక నొక్కింది. తెర మీద ఆకుపచ్చ గీత వచ్చి, సీటు ఖాయమైందని చూపించింది. ఆ పిల్ల ఎగిరి గంతేయలేదు. కళ్లు మూసుకుని ఒకసారి గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత, రెండు బస్సులకూ పాస్ ఒకటే సరిపోతుందా సార్ అని అడిగింది. సరిపోతుందన్నాను.

మా ప్రింటర్‌కు తొందరనేది తెలియదు. కాగితం సగం బయటికి వచ్చి ఆగిపోతే మూత తెరిచి లాగి, మళ్లీ పెట్టాను. అలాట్‌మెంట్ ఆర్డరు చేతికొచ్చి వెనక్కి తిరిగేసరికి లీలాకుమారి గారు గోడకు ఆనుకుని బెంచీ మీదే నిద్రపోతున్నారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నిహారిక తల్లి చేతిలోంచి జారిపోతున్న సంచీని తన ఒళ్లోకి తీసుకుంది. లేపమని నేను అనలేదు. గుమ్మంలో ఉన్నవాళ్లను నెమ్మదిగా రమ్మని పిలిచి, ఇంకో కుర్చీ లాగాను.