బరువు గడిలో సున్నా

ఎర్ర అక్షరాలు వస్తే భయపడాలట, పసుపువి వస్తే ఫరవాలేదట. మా అమ్మాయి పిట్ట ఎన్నిసార్లు చెప్పినా నా గుండె వినదు. కంప్యూటర్ తెర మీద పసుపు వరసలు కనబడితే చాలు, పిల్ల ఉద్యోగం ఊడినట్టే అనిపిస్తుంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి సెలైన్ ఎంత ఎక్కించాలో లెక్కకట్టే ప్రోగ్రామ్ రాస్తోంది పిట్ట. అందుకోసం పాత పిల్లల వివరాలు ఆసుపత్రి వాళ్ళు పంపారు. సాయంత్రం అయిదుకల్లా అది వాళ్ళకి చేరాలి. మధ్యాహ్నం టీ ఇద్దామని వెళ్తే తెరంతా పసుపు.

"ఏమైందే?"

"సున్నాతో భాగించావు అంటోందమ్మా. ఏ బిడ్డ దగ్గరో మాత్రం చెప్పదు."

నేను చదివింది ఏడో తరగతే. అయినా సున్నాతో భాగిస్తే మా లెక్కల మాస్టారు వీపు విమానం మోత మోగించడం ఇంకా గుర్తుంది. పిట్ట ఒక్కో మెట్టు దగ్గరా లెక్కని ఆపి, చూసి, మళ్ళీ నడిపింది. గంటకి దొరికింది. పదకొండు మంది పిల్లల బరువు గడిలో సున్నా.

"బరువు సున్నా ఏంటే? కొంపదీసి ఆ బిడ్డలు..."

"అశుభం పలక్కు. ఎవరో తప్పు కొట్టుంటారు."

వాళ్ళ ఆఫీసు పెద్దాయనకి ఫోన్ చేసింది. ఆయన మాట నాకూ వినబడింది. "ఆ పదకొండూ తీసెయ్యమ్మా. మూడు వేల మందిలో వాళ్ళు ఏ మూలకి? పసుపు పోతుంది, పంపేద్దాం."

పిట్ట వేలు మీట మీదికి వెళ్ళింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"టైం లేదమ్మా."

"ఒక్క నిమిషం."

బీరువాలో చీరల కింద దాచిన, పిట్ట పుట్టినప్పటి ఆసుపత్రి కార్డు తెచ్చాను. బరువు గడిలో మొదటి రోజు వెయ్యీ యాభై గ్రాములు. తర్వాత అయిదు రోజులూ సున్నా.

"గొట్టాల్లోంచి కదిపితే నీ ఊపిరి ఆగుతుందని తూచలేదు. గడి ఖాళీగా వదిలితే పైవాళ్ళు తిడతారని నర్సమ్మ సున్నా పెట్టింది. అయిదు రోజులూ ఆ సున్నానే చూస్తూ కూర్చున్నానే నేను."

పిట్ట కార్డు వంక చూసింది, తెర వంక చూసింది. "అంటే వీళ్ళు అందరికంటే ప్రాణం మీదికొచ్చిన పిల్లలు" అంది మెల్లగా.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే అక్కడి పెద్ద నర్సమ్మా అదే చెప్పింది. తూచని రోజు పుట్టినప్పటి బరువు లెక్కనే సెలైన్ ఎక్కిస్తారట, ఆ బరువు వేరే కాగితంలో ఉంటుందట. వెతికి పంపడానికి పొద్దున్న అవుతుందంది.

"ఇవాళ పంపనండీ" అని పిట్ట పెద్దాయనతో అనేసింది.

"రేపు పది దాటితే ఊరుకోను" అన్నాడాయన.

నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. "నా నోరు పడ. ఉద్యోగం పోతే ఎలాగే?"

"పోతే నీ పక్కనే కూర్చుని బెంగ పడతాలే. ఇద్దరం పడితే తొందరగా అయిపోతుంది."

పొద్దున్నే పదకొండు బరువులూ వచ్చాయి. నేను చదువుతుంటే పిట్ట ఒక్కొక్కటే కొట్టింది. ఆఖరి బిడ్డ తొమ్మిది వందల గ్రాములు. లెక్క నడిపింది. తెర మీద ఒక్క పసుపు అక్షరం లేదు.

"ఉలుకూ పలుకూ లేదేంటే? ఆగిపోయిందా?"

"నడుస్తోందమ్మా. అనడానికేమీ లేక ఊరుకుంది. నువ్వూ కాస్త నేర్చుకో."

అయినా లెక్క పూర్తయ్యేదాకా కార్డు పట్టుకుని పిట్ట కుర్చీ వెనకే నిలబడ్డాను.