మేట కాదు, లంక

పొద్దున్నే పడవ విప్పేముందు యెహెజ్కేలు గోదావరికేసి చూసి, లంక ఎక్కడుందో పోల్చుకునేవాడు. పాపాయిలంక రోజూ జానెడో మూరెడో ఎగువకి జరిగేది. నలభై గడపలు, వంగతోటలు, గేదెలు అన్నీ దాంతోపాటే కదిలేవి. ఏట్లో ఉన్న నేలకి ఆ మాత్రం నడక మామూలే అనుకునేవారంతా.

తొంభై ఏడులో సర్వేయరు ఉదయభాస్కర్ దిగాడు. నాలుగు మూలలా రాళ్లు పాతించి, రికార్డులో ‘ఇసుక మేట’ అని రాశాడు. మేటకి పట్టాలుండవు. ఇసుక తవ్వుకోమని కాంట్రాక్టరుకి ఇచ్చేయొచ్చు. నెలలోగా ఖాళీ చెయ్యాలని ఇంటింటికీ నోటీసు పంచాడు.

తోటలో బోదెలు సరిచేస్తున్న అచ్చాయమ్మ ఆ నోటీసు చదివి, మట్టి చేతులతోనే ఎదురొచ్చింది.

"ఇది మేట కాదండి, లంక."

"లంకంటే రావణాసురుడిది కదమ్మా!" నవ్వాడతను.

"ఆయనదీ లంకే, మాదీ లంకే. ఏరు తెచ్చి పోస్తే మేటండి. దానిమీద మనిషి దిగి, విత్తు వేసి, పిల్లల్ని కంటే లంక. మా అత్త పాపాయి పీకల్లోతు నీళ్లలో నడిచొచ్చి ఇక్కడ పొయ్యి రాజేసింది. ఆ పొగ చూసి గట్టుమీద వాళ్లు ‘అదుగో లంక’ అన్నారు. అంతకుముందు దీన్ని ఎవరూ ఏమీ అనలేదు."

"నిఘంటువులో అలా లేదమ్మా."

"రాసినాయన ఇక్కడ వంగ నాటాడా అండి?"

అతను కాగితాలు సర్దుకుని పడవెక్కేశాడు.

గడువు రోజు మిట్టమధ్యాహ్నం అచ్చాయమ్మ లంక ఎగువ కొసకి వెళ్లింది. కుచ్చెళ్లు దోపుకుని, వంగి, నేలని అరచేత్తో తట్టింది.

"నిన్ను మేటంటున్నారు. పడుంటావా?"

లంక కదిలింది. ఉట్టిమీద పెరుగు తొణకలేదు. గేదెలు నెమరు ఆపలేదు. సాయంత్రానికి రెండు మైళ్లు ఎగువన, మలుపు దాటి ఆగింది.

మర్నాడు కాంట్రాక్టరు పడవలొచ్చేసరికి నాలుగు సర్వేరాళ్లూ నీళ్లలో నిలబడున్నాయి. తవ్వడానికి అక్కడ ఏమీ లేదు. తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

యెహెజ్కేలు సర్వేయరుని కొత్త రేవులో దింపాడు. ఉదయభాస్కర్ అచ్చాయమ్మ ముందే మ్యాపు పరిచి చూశాడు. ఆ చోట ఉత్త నీలంరంగే.

"ఇక్కడ మీకు సర్వేనంబరు లేదమ్మా. పాత ఆర్డరు చెల్లదు. మళ్లీ కొలవాలి."

"కొలవండి. గొలుసు రెండో కొస నేను పట్టుకుంటాను."

పొద్దల్లా ఎండలో గొలుసు బిగించి పట్టుకుని నడిచింది. ఎక్కడా అంగుళం వదల్లేదు. కొలత ముగిశాక, ‘నేల రకం’ అన్న గడి దగ్గర అతని పెన్ను ఆగింది. అచ్చాయమ్మ గొలుసు కొస పట్టుకునే ఉంది. అలాగే చూస్తూ నించుంది. అతను ‘లంక’ అని రాశాడు. ఆ కాగితం మీదే తర్వాత నలభై గడపలకీ పట్టాలొచ్చాయి.

"మరి సరిహద్దులమ్మా?" ఆరోజు తర్వాతి గడి దగ్గర అడిగాడతను.

"నాలుగు పక్కలా గోదావరి. రాయండి."