వేడెక్కితే ఆగిపోయే కారు

మేస్త్రి పాత చొక్కాని పేలికలుగా చింపుతున్నాడు. కాలరు దగ్గర గుడ్డ మొండికేస్తే పళ్ళతో కొరికి, రెండు చేతులా లాగాడు. రోజూ షెడ్డు తెరవగానే ఈ పని చేస్తే గానీ అతనికి మిగతా పనులు తోచవు. వయసు మీద పడి వీపు కాస్త వంగింది. కళ్ళద్దాలకి కట్టిన దారం మెడ చుట్టూ నల్లగా జిడ్డు పట్టింది. వీధిలో అందరూ అతన్ని కరెంటు మేస్త్రి అంటారు. ఏ బండిలో వైరు చెడినా ఇక్కడికే తెస్తారు.

ఇవాళ షెడ్డులో ఉన్నది బావ కారు. ఒక్కో డోరుకి ఒక్కో రంగు. అక్కని తీసుకెళ్ళడానికి బావ నిన్న దాంట్లోనే వచ్చాడు. వీధి మలుపులో ఇంజను ఆగిపోతే బావా, మేస్త్రీ కలిసి తోసుకుంటూ తెచ్చారు. రాత్రి బావ షెడ్డులోని బల్ల మీదే పడుకున్నాడు. ఇంట్లోకి రమ్మని అక్క అనలేదు. అక్క అనకుండా తను ఎలా అంటాడు?

అక్క వానాకాలానికి ముందు ఒక్క సంచితో వచ్చింది. "ఏమైందక్కా?" అంటే "ఏం కాలేదు" అంది. బావకి ఫోన్ చేస్తే అతనూ అదే మాట. ఏమీ కాకుండానే మనిషి ఇల్లు వదిలి ఎలా వస్తుందో మేస్త్రికి అంతుపట్టలేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, అలాంటివి తనకేం తెలుసు? కానీ అక్క వచ్చాక పొయ్యి మీద వేళకి ఏదో ఒకటి ఉడుకుతోంది. షెడ్డు మూసి ఇంట్లోకి వెళ్ళేసరికి లైటు వెలుగుతూ ఉంటోంది. మెల్లగా అడగడం మానేశాడు.

"ఏం బామ్మర్దీ, బతుకుతుందా?" బావ బల్ల మీద లేచి కూర్చుని ఒళ్ళు విరుచుకున్నాడు.

"చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటోంది బావా. వేడెక్కితేనే ఆగిపోతోంది."

"అచ్చం మీ అక్కే. వేడెక్కిందా, ఇక మాటుండదు."

నవ్వాలో వద్దో తెలియక మేస్త్రి బానెట్ ఎత్తాడు.

ఇంజను తిరుగుతున్న సంగతిని కారులోని కంప్యూటరుకి చెప్పే సెన్సర్ ఒకటుంది. దాని కబురు ఆగితే ఇంజను ఆగుతుంది. అనుమానం దాని మీదే. కొత్తది బిగించాడు. బండి కాసేపు నడిచి మళ్ళీ ఆగింది. వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా మీటరు పెట్టి చూశాడు. బాగానే ఉంది. విప్పి, తుడిచి, మళ్ళీ చూశాడు. బాగానే ఉంది. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఇంజను వైపు వెర్రి చూపు చూస్తూ కూర్చున్నాడు. బండి ఆగి ఉన్నప్పుడు వైరుని ఎంతసేపు చూసి ఏం లాభం? నడుస్తుండగా చూడాలి. దానికి మనుషులు కావాలి.

"అక్కా, కాస్త లైటు పట్టుకుంటావా?"

అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది. బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎత్తిన బానెట్ మొగుడూ పెళ్ళాల మధ్య తలుపులా అడ్డంగా ఉంది.

"ఇంకొంచెం తొక్కమను," అంది అక్క.

"తొక్కుతూనే ఉన్నానని చెప్పు," అన్నాడు బావ.

"ధ్యాస ఎక్కడో పెట్టుకుని తొక్కితే ఇంతే అని చెప్పు."

"ఆవిణ్ణి ఎక్కువసేపు వంగనీకు బామ్మర్దీ. మెడ నొప్పి మనిషి."

అక్క చేతిలో లైటు కదిలింది.

"నన్నేమైనా పోస్టుమాన్‌ని అనుకుంటున్నారా ఇద్దరూ?" అని విసుక్కున్నాడు మేస్త్రి.

వైరుని వేళ్ళతో కదుపుతూ, కొద్దికొద్దిగా జరుగుతూ వచ్చాడు. ఇంజను వెనక, ఇనప పట్టీ కింద వైరు వంపు తిరిగే చోట కదపగానే ఇంజను దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. పై తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగి తెగిపోయి, తెగిన కొసలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. చల్లగా ఉన్నంతసేపూ తగులుతాయి, వేడికి తొడుగు మెత్తబడి అదిరితే విడిపోతాయి.

"పైకి ఏమీ కనపడలేదే," అంది అక్క.

"అదేగా ఇంతసేపు తిప్పలు పెట్టింది." దొరికిన సంతోషంలో మేస్త్రి కింద వైరుని సెన్సర్‌కి తగిలించే క్లిప్పు కూడా చూపించాడు. "ఇదిగో, ఇది ఊడినా అంతే. ఇంజను ఊరికే తిరుగుతుంది, అంటుకోదు."

అక్క వంగి శ్రద్ధగా చూసింది.

తెగిన ముక్క తీసేసి, కొత్త వైరు అతికి, టంకం పెట్టి, పైన ట్యూబు తొడిగాడు. కారు చాలాసేపు ఆగకుండా నడిచింది. అప్పుడు ఆపి అన్నాలకి లేచారు. బావ పళ్ళెం మేస్త్రి చేతి మీదుగా షెడ్డుకే వచ్చింది. తిన్నాక ఇద్దరూ కాసేపు నడుం వాల్చారు. లేచి బావ తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరిగింది, అంటుకోలేదు.

"ఇదేనా నీ పనితనం?" బావ గొంతులో కోపం లేదు, హుషారు ఉంది. "పోనీలే, రేపు చూద్దువు. తొందరేముంది?"

మేస్త్రి ముందు తన అతుకు చూసుకున్నాడు. గట్టిగా ఉంది. ఇంకా కిందకి చెయ్యి పోనిచ్చాడు. సెన్సర్ క్లిప్పు ఊడి వేలాడుతోంది. అది దానంతటది ఊడేది కాదు, నొక్కి పట్టి లాగాలి. అతను బావ హుషారు ముఖం కేసి చూశాడు. ఇంకో పూట ఉండిపోవడానికి వేసిన ఎత్తన్నమాట! అక్క ముఖం చూడని మనిషికి ఇక్కడ ఇంకేం పని? ఆ కోపం అక్క తరఫునో తన తరఫునో అతనికే తెలియలేదు. టక్కుమని క్లిప్పు పెట్టేశాడు.

"అయిపోయింది బావా. పొద్దుండగానే బయల్దేరు."

"మరి మీ అక్క..."

"వచ్చేదైతే ఈపాటికి సంచి సర్దుకునేది కాదా?"

బావ తల ఊపాడు. మొదటిసారి ఇంట్లోకి వెళ్ళి, ముందు గదిలో నిలబడ్డాడు. వెనక వంటింట్లోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. పిలుస్తాడేమో అనుకున్నాడు మేస్త్రి. పిలవలేదు. నీళ్ళు పడుతున్నంతసేపూ నిలబడి, బయటికి వచ్చి కారెక్కాడు. బండి ఒక్కసారికే అంటుకుంది. వీధి మలుపు దగ్గర కూడా ఆగలేదు.

అక్క మూడు గ్లాసుల టీతో గుమ్మంలోకి వచ్చింది.

"ఆయనేడి?"

"వెళ్ళిపోయాడుగా."

"బండి ఎలా నడిచింది?" అంది అక్క.

"క్లిప్పు ఊడితే పెట్టాను."

ఆమె గ్లాసులు గుమ్మం మీద పెట్టి, ఖాళీ వీధిని చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది. మేస్త్రి మూడో గ్లాసు తీసుకుని వంటింట్లోకి నడిచాడు. తను ఎప్పుడూ షెడ్డులోనే చేతులు కడుక్కుంటాడు. బావ ముందు గది దాటి రాలేదు. కుళాయి పక్కన తెల్ల సబ్బు ఇంకా తడిగా ఉంది, దాని మీద సన్నని వేళ్ళ నల్లటి గ్రీజు గీతలు.