కృపమ్మగారి సీటు

నతానియేలు మేష్టారి కారు అందానికి అందమే గానీ, వంతెన ఎక్కేది కాదు.

ఆయన డ్రిల్లు మేష్టారు. ఆస్పత్రి దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ అమ్మేసిన ఆ బుల్లి ఎర్ర స్పోర్ట్సు కారు మీద మనసు పారేసుకుని, భార్య కృపమ్మగారు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా కొనేశారు. రెండంటే రెండే సీట్లు. ఇంజను కుట్టుమిషను కంటే కాస్త నయం. మరి మన కోనసీమ వంతెనలా? కింద నుంచి పడవలు పోవాలి కాబట్టి ఒక్కొక్కటీ పిల్లిలా వీపు పైకెత్తి కూచుంటుంది.

ప్రతి ఆదివారం ఇదే భాగోతం. కొత్తపేట చర్చికి బయల్దేరిన కారు కాలవ వంతెన సగం ఎక్కి, ఆయాసపడి ఆగిపోయేది. కృపమ్మగారు దిగి, బైబిలు సీట్లో పెట్టి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వెనకనుంచి తోసేవారు. స్టీరింగు ముందు దర్జాగా కూచుని, పిల్లల చేత డ్రిల్లు చేయించినట్టు “ఇంకొంచెం! ఇంకొంచెం!” అని అరవడం మేష్టారి వంతు. సిగ్గుండాలి!

ఎమర్జెన్సీ పోయిన ఏడాది, ఈస్టరు పండగనాడు ఆ సిగ్గు కాస్తా చర్చి సంఘమంతా చూసింది. కారు వెనక్కి జారి, సైలెన్సరు మసి అంతా ఆవిడ కొత్త చీరకి పూసింది.

“ఇంక ఈ కారెక్కితే నా పేరు కృపమ్మే కాదండి,” అందావిడ వంతెన మీదే, నలుగురూ వినేలా. “మీరే ఎక్కండి, మీరే తోసుకోండి!”

పై ఆదివారం ఆవిడ నడిచే వెళ్ళింది. మేష్టారు ఒక్కరే కారులో బయల్దేరారు. పక్క సీటు ఖాళీగా కనిపిస్తుంటే ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. ఎవరికీ చెప్పలేదు గానీ, అసలు ఆ కారు కొన్నదే ఆవిడ పక్కన కూచుంటుందని. గాలికి ఎగిరే కొంగు పట్టుకుని, దారి పొడుగునా తనని తిడుతూ వస్తుంటే ఆయనకి ప్రాణానికి హాయిగా ఉండేది. ఎలాగైనా ఆవిణ్ణి మళ్ళీ ఎక్కించాలి.

తిన్నగా మెకానిక్కు సింహాద్రి షెడ్డుకి వెళ్ళారు.

“ఏం కోస్తావో, ఏం అతుకుతావో నాకు తెలీదురా. ఇది వంతెన మీద ఆగకూడదు, అంతే.”

“ఆయ్, అలాగేనండి. వేలంలో కొన్న జీపు ఇంజనుందండి. అది పెడితే వంతెనేటండీ, కొబ్బరిచెట్టు కూడా ఎక్కేస్తదండి.”

“పాతది నువ్వే ఉంచుకో. నాకు దాని మొహం చూపించకు.”

కాలవలకి నీళ్ళు కట్టేసిన వేసవంతా షెడ్డులో సుత్తి మోగుతూనే ఉంది. కాలవలకి నీళ్ళు వదిలాక కబురొచ్చింది. మేష్టారు వెళ్ళి ఇంజను స్టార్టు చేస్తే షెడ్డు రేకులు దడదడలాడాయి. ఆనందం పట్టలేక ఎడమవైపు చూశారు. అక్కడ సీటు లేదు. సీటుండాల్సిన చోట ఇంజను వెనక భాగం రేకు ముసుగేసుకుని పడుకుని ఉంది.

“సీటేదిరా?”

“ఇంజను పొడుగెక్కువండి. వెనక్కి జరపకపోతే బానెట్టు మూతపడదండి. అమ్మగారు ఎక్కనని ఒట్టేసుకున్నారని కొత్తపేటంతా తెలుసు కదండీ. ఎక్కని మనిషికి సీటెందుకని పీకేసేనండి, ఆయ్!”

“ఓరి నీ తెలివి తగలెయ్యా!” అని నెత్తిన చెయ్యేసుకున్నారు మేష్టారు. “మళ్ళీ పాత ఇంజనే పెట్టెయ్యరా, నీకు పుణ్యముంటుంది.”

“అది మన రేవులో సత్తిబాబు పడవకి బిగించేసేనండి. నీళ్ళల్లో బెమ్మాండంగా లాగుతుందండి!”

చేసేదేముంది? ఆదివారం ఒక్కరే బయల్దేరారు. ఉన్నమాట చెప్పుకోవాలి, కారు వంతెన ఎక్కింది. ఎక్కడమేమిటి, ఎగిరి కూచుంది. “చూశావా!” అని గర్వంగా ఎడమపక్కకి తిరిగారు. వేడి రేకు మొహాన ఆవిరి కొట్టింది.

అప్పుడు వినిపించింది కింద టుకుటుకుమని చప్పుడు. ఆ చప్పుడు ఆయన నిద్రలోనైనా పోల్చుకోగలరు. వంతెన కిందనుంచి సత్తిబాబు పడవ నింపాదిగా బయటికొచ్చింది. అందులో గొడుగు వేసుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, మహారాణిలా కృపమ్మగారు!

మేష్టారు కారు గట్టు మీదకి దింపి, పడవ పక్కనే, పడవంత నెమ్మదిగా నడిపారు. అంత ఇంజనూ ఆ నత్తనడకకి తట్టుకోలేక బుసబుసమని పొగ కక్కి, చచ్చినట్టు ఆగిపోయింది. మేష్టారు దిగి, కారు వంకా పడవ వంకా చూస్తూ దిక్కుతోచక నిలబడ్డారు.

“సత్తిబాబూ, పడవ ఒడ్డుకి పట్టు నాయనా,” అందావిడ. పడవ బురదలోకొచ్చి ఆగింది. “రండి, నా పక్కన చోటుంది.”

మేష్టారు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఆత్రంగా కాలు పైకెత్తారు. ఆవిడ గొడుగు మూసి అడ్డం పెట్టింది.

“ముందు తొయ్యండి. తర్వాత ఎక్కుదురుగాని.”

సత్తిబాబు మొహం అటు తిప్పుకున్నాడు, నవ్వాపుకోలేక. చర్చికి నడిచిపోతున్న జనం గట్టు మీద ఆగి మరీ చూస్తున్నారు. మేష్టారు బురదలో దిగి, పడవకి భుజం ఆనించి తోశారు.

“ఇంకొంచెం!” అందావిడ పైనుంచి. “ఇంకొంచెం!”

నడుం లోతు నీళ్ళొచ్చాయి. ఆదివారం ప్యాంటు నాశనమైంది. ఎన్ని ఆదివారాలు ఆవిడ చేత ఈ పని చేయించారో అప్పుడు తెలిసొచ్చింది మేష్టారికి. తలెత్తి చూస్తే, కృపమ్మగారు కొంగు సర్దుకుని, ఆయన కూచోవడానికి కాస్త పక్కకి జరుగుతున్నారు.

అదే పదివేలనుకుని మేష్టారు ఇంకొంచెం తోశారు.