లాజరు తెచ్చిన బల్లి

మా జువాలజీ హెడ్ వెంకటకృష్ణారావు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. డెబ్బై నాలుగు నవంబరులో నేను సెలవు ముగించుకుని బెజవాడ కాలేజీకి వచ్చేసరికి అలాంటి కుందేలునొకదాన్ని పట్టుకుని మహా హుషారుగా ఉన్నాడు.

అంతకు వారం ముందు మంగళగిరి నుంచి శౌరమ్మ అనే ఆవిడ వచ్చిందట. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబం. చనిపోయిన భర్త లాజరు రంగూన్‌లో కష్టార్జితమంతా పోసి ఒక తేనెరంగు ముద్ద కొన్నాడు. లోపల వేలెడు బల్లి. అది ఆంబరనీ, యుగాల నాటి చెట్టు జిగురు అలా రాయైందనీ, బల్లి కూడా ఆ కాలానిదేననీ అమ్మినవాడు చెప్పాడు. ఇక్కడికొచ్చాక మాత్రం గుగ్గిలం ముద్ద కొన్న వెర్రిబాగులోడని పేరు పడింది. ఆ మాట పడుతూనే పోయాడు. దాని ధరెంతో ఆవిడకు అక్కర్లేదు. మా ఆయన మోసపోయాడా లేదా, అదొక్కటే చెప్పండి అందట.

"చెప్పేశాను," అన్నాడు రావు. "భూతద్దంలో చూశా. కాలివేళ్ల కింద పొరలు అచ్చం మన గోడమీది బల్లివే. సూది కాల్చి గుచ్చితే గుప్పున సాంబ్రాణి వాసన. ఎవడో నిన్నమొన్నటి బల్లిని జిగురులో ముంచి అంటగట్టాడు. సాంబ్రాణమ్మా, పొగేసుకో అన్నాను. తెచ్చింది కూడా సాంబ్రాణి డబ్బాలోనే!"

నాకు ఒళ్లు మండింది. "ఏళ్ల తరబడి ఆ డబ్బాలో ఉంటే పైన ఆ వాసన పట్టదూ? మా ఇంట్లో సాంబ్రాణి డబ్బాలో చెంచా ఉంది, దాన్ని కాల్చినా అదే వాసన. పోనీ, స్పిరిట్ వేసి చూశారా?"

"నువ్వు కెమిస్ట్రీ చూసుకోవయ్యా. బల్లుల్ని నాకొదిలెయ్."

సూదికి ఊడిన పలుకొకటి గాజుపలక మీద ఇంకా ఉంది. తీసుకెళ్లి కడిగి స్పిరిట్ చుక్క వేశాను. కొత్త జిగురైతే మెత్తబడి వేలికి అంటుకోవాలి. అంటుకోలేదు. కాల్చిన సూది ఆనిస్తే అసలు ఆంబరుకుండే దేవదారు చెక్క వాసన వచ్చింది తప్ప సాంబ్రాణి ఊసే లేదు.

"ముద్దకు అతుకేమైనా ఉందా?" అని తిరిగొచ్చి రావునడిగాను.

"లేదు," అన్నాడు రావు నీళ్లు నములుతూ. అతుకు లేదంటే బల్లి కూడా ఆ జిగురంత పాతదే. ఏ జాతిదో దవడలూ పొలుసులూ చూసి మళ్లీ మొదటినుంచి తేల్చాలి. ఆయన ముఖం చూడటానికి కూడా ఆగకుండా మంగళగిరి బస్సెక్కాను.

శౌరమ్మ అరుగు మీద కూర్చుని పొరుగింటి మగ్గానికి కండెలు చుడుతోంది. ఫలానా కాలేజీ నుంచని చెప్పి, "మీ ఆయన మోసపోలేదమ్మా. అది అసలు ఆంబరే," అన్నాను.

చేతిలో కండె జారిపోయింది. "నిజంగానా బాబూ?" అంది. కళ్లనిండా నీళ్లు. పమిటతో తుడుచుకుంటూనే కేకేసింది. "ఒసే చౌడేశ్వరమ్మా! మా ఆయన్ని వెర్రోడన్నారుగా! అసలుదేనంట! కాలేజీ సారే వచ్చి చెబుతున్నారు!"

చౌడేశ్వరమ్మ మగ్గం మీంచి లేచి వచ్చింది. "ఏదీ, చూపించు మరి."

శౌరమ్మ లేవబోయి ఆగిపోయింది. నా వైపు తిరిగింది. "సాంబ్రాణే అన్నారు కదండీ. మొన్న సమాధుల పండక్కి ఆయన సమాధి దగ్గరే నిప్పుల మీద వేసేశాను."

నేను జేబులోంచి గాజుపలక తీసి ఇచ్చాను. ఆవగింజంత పలుకు. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురులోకి ఎత్తింది.

చౌడేశ్వరమ్మ దగ్గరికొచ్చి కళ్లు చిట్లించి చూసింది.

"బల్లేదే?" అంది.