ముట్టినట్టు ఫోటో

దబ్బనంలో దారం ఎక్కక ఖాజా తనలో తానే గొణుక్కున్నాడు. కళ్లజోడు బండికి తగిలించిన సంచిలో ఉంది. లేచి వెళ్దామంటే మోకాళ్లు మొరాయిస్తున్నాయి. గడపలో నిలబడి చూస్తున్న సౌమ్య నవ్వి, దబ్బనం తీసుకుని, ఇట్టే దారం ఎక్కించి ఇచ్చింది.

"ఇగ గీ పనిగూడ మేమే చేసిపెట్టాల్నా చాచా?"

"కళ్లు నీయి, కుట్టు నాది. చెరి సగం బిడ్డా," అన్నాడు ఖాజా.

కొడిమ్యాలలో సమ్మవ్వ ఇంటి అరుగు అది. సమ్మవ్వ కొడుకు సంతోష్ దుబాయిలో పనిచేస్తాడు. సౌమ్య అతని భార్య. ఖాజా ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున మామిడికాయ తొక్కు, దాని మీద పొట్లం కట్టిన కారప్పూస. మూతకు టేపు చుట్టి, దాని మీద తెల్లబట్ట తొడిగి, అంచులు దగ్గరికి లాగి కుడుతున్నాడు. బట్ట సిరిసిల్ల సాంచాల దగ్గర దొరికే తుండు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. పాతికేళ్ల వయసు దాకా ఖాజా కూడా ఆ చప్పుడులోనే బతికాడు. అందుకే ఇప్పటికీ మామూలు మాట కూడా కాస్త గట్టిగానే మాట్లాడతాడు.

గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇంటి తొక్కు అందాలంటే, సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాడి బ్యాగే దిక్కు. పోయేవాడికి ఊరూరా తిరిగే తీరిక ఉండదు, పంపే ఆడవాళ్లకు అంత దూరం వచ్చే వీలుండదు. మధ్యలో ఖాజా బండి ఉంటుంది. అతనికి రెండు పట్టింపులు. కుట్టు తనే వేయాలి, ఎందుకంటే నూనె కారిందంటే పోయేవాడి బట్టలన్నీ పాడవుతాయి. రెండోది, డబ్బాను పోయేవాడి చేతిలో పెట్టి, ఫోటో తీసి, ఆ ఇంటి ఫోనుకు పంపాలి. ముట్టినట్టు ఫోటో అంటారు దాన్ని ఈ ఊళ్లలో. ఆ ఫోటో రానిదే తల్లులు అన్నం ముందు కూర్చోరని ఖాజా చెప్పుకుంటాడు. అందులో సగం గొప్పలే అయినా, మిగతా సగం నిజం.

"తమ్మీ, జర ఆగు." సమ్మవ్వ లోపలి నుంచి కొంగులో ఇంకాస్త కారప్పూస తెచ్చింది. "మక్కపిండిది. వానికి పానం."

ఖాజా డబ్బాను అరచేతిలో ఎగరేసి చూశాడు. "ఇప్పటికే బరువుంది అక్కా. ఇంటికో డబ్బా, అదీ ఇంతే అన్న గదా. బరువెక్కువైతే ఎయిర్‌పోర్టుల చెత్తబుట్టల పారేస్తరు."

"గింతకే బ్యాగు పలుగుతదా? పెట్టు."

పెట్టాడు. ఆమె ముందు అతని మాట ఎప్పుడు చెల్లింది గనుక? మూతకు మళ్లీ టేపు చుట్టి, చివరి కుట్టు వేసి, దారం పంటితో కొరికి, బట్ట మీద నల్ల పెన్నుతో 'సంతోష్, కొడిమ్యాల' అని రాశాడు. దబ్బనాన్ని ఎప్పటిలాగే చొక్కా జేబు అంచుకు గుచ్చుకున్నాడు.

"రాత్రి సంది ఫోన్ కలుస్తలేదు చాచా," అంది సౌమ్య, డబ్బా సంచిలో పెడుతుంటే. "మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడ్డది."

"నైట్ డ్యూటీ పడ్డట్టుంది. ఫోన్ బంద్ చేసి పండుకుంటరు బిడ్డా. రాకేశ్ ఇయ్యాల రాత్రి బయల్దేరుతుండు, ఎల్లుండికి నీ మొగడు గీ తొక్కేసుకొని తింటుంటడు సూడు."

రాకేశ్‌ది జగిత్యాల. సంతోష్ ఉండే గదిలోనే ఉంటాడు. నెల సెలవు అయిపోయింది.

ఖాజా బండి ఎక్కి కూర్చున్నాక మళ్లీ మామూలు మనిషయ్యాడు. నేల మీద వంకరగా నడిచేవాడు సీటు మీద నిటారుగా ఉంటాడు. కుడిచేతి వేళ్లు యాక్సిలరేటర్ పట్టుకునే తీరులోనే వంగిపోయాయి, అన్నం ముద్ద కలిపేటప్పుడు కూడా అవి పూర్తిగా తెరుచుకోవు. ట్యాంకుకు రెండు వైపులా మోకాళ్లు రాసుకుని రంగు పోయి రేకు తేలింది. ఇంజన్ మూడుసార్లు విప్పించాడు. మీటరులో తొమ్మిదులన్నీ నిండి సున్నాలు పడ్డ ప్రతిసారీ మిఠాయి కొని ఇంటికి తీసుకువెళ్తాడు. మొదటిసారి భార్య మహమూదా బేగం సంతోషపడింది. రెండోసారి, "దుబాయి పోయినోళ్లన్న రెండేండ్లకోసారి వచ్చి ఇంట్ల కూసుంటరు, నువ్వు గా మాత్రం గూడ లేవు," అని ఉర్దూలో దెప్పి, మిఠాయి మాత్రం తిన్నది.

దుబాయి మాట అతనికి ఇప్పటికీ కాస్త గుచ్చుకుంటుంది. సాంచాలు మాని, పాస్‌పోర్టు చేయించుకుని, అందరితో పాటు మెడికల్‌కు పోయాడు. ఛాతీ ఫోటోలో మచ్చ ఉందన్నారు. అందరూ పోయారు, ఇతను బస్టాండులో చేయి ఊపి వచ్చాడు. ఆ రోజు వాళ్లలో ఒకడి తల్లి ఇంట్లో మరిచిపోయిన తొక్కు సీసా పట్టుకుని బస్సు వెనక ఉరికి, అందక, రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. ఎవరిదో బండి అడిగి తీసుకుని, బస్సును వెంబడించి, ఆ సీసాను కిటికీలోంచి అందించాడు. అతని బతుకు అటు తిరిగింది అప్పుడే. అప్పటి నుంచి ఈ చేతికి ఇచ్చిన సామాను ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఖాజాకు గర్వమంటూ ఉంటే అదొక్కటే.

కోరుట్లలో రెండిళ్లు తిరిగాడు. ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ గోడ నీడన బండి ఆపి, దుర్గవ్వ పెట్టిన జొన్నరొట్టె తిని, ఆమె తమ్ముడి డబ్బా కుట్టాడు. ఎండకు హెల్మెట్ లోపల తల ఉడికిపోయింది. జగిత్యాల చేరేసరికి పొద్దు వాలుతోంది.

రాకేశ్ ఇంట్లో చుట్టాలు నిండి ఉన్నారు. బ్యాగులు తూకం వేస్తున్నారు. రాకేశ్ మొహం పీక్కుపోయి ఉంది. పోయే రోజు ఎవరి మొహమైనా అలాగే ఉంటుందని ఖాజా పట్టించుకోలేదు. డబ్బాలు ఒక్కొక్కటే చేతికిస్తూ, ఫోటో తీస్తూ, అక్కడికక్కడే పంపుతున్నాడు. సంతోష్ డబ్బా దగ్గర ఫోటో చెదిరింది.

"సక్కగ పట్టుకోరా!" అని కసిరి, మళ్లీ తీసి, సౌమ్యకు పంపాడు.

రాకేశ్ ఆ డబ్బాను బ్యాగులో పెట్టలేదు. చంకలో పెట్టుకునే, "చాచా, జర బయటికి రా," అన్నాడు. గేటు దాటి, గోడ పక్కకు పోయాక నోరు విప్పాడు.

"సంతోషన్న లేడు చాచా."

"యాడికి పోయిండు?"

"పొద్దుగాల డ్యూటీకని లేపితే లేవలేదట. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. రూంల పిల్లలు మధ్యాహ్నం ఫోన్ చేసిండ్రు."

ఖాజాకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక రాకేశ్ భుజం పట్టుకున్నాడు. "మరి ఫోటో ఎందుకు దిగినవ్ రా?"

"లోపల మా అమ్మ ఉంది. ఆమె చెవుల పడితే కొడిమ్యాల దాంక పోతది. కాయితాలు అయ్యేదాంక ఇంటికి చెప్పద్దని కంపెనీ వాళ్లు అన్నరట. రేపు సంతోషన్న పెద్దబాపుకు ఫోన్ చేస్తరు." డబ్బాను ఖాజా చేతుల్లో పెట్టాడు. వాడి కళ్లు నిండిపోయాయి. "నేను కొంచవోయి ఎవలకియ్యాలె చెప్పు? నువ్వు గూడ చెప్పకు చాచా. ఒక్క రాత్రన్న పండుకోనీ వాళ్లను."

జేబులో ఫోను మోగింది. సౌమ్య దండం పెట్టే బొమ్మ పంపింది. దాని కింద సమ్మవ్వ గొంతు: "తమ్మీ, ముట్టినట్టు ఫోటో అచ్చింది. సల్లగుండు."

డబ్బాను ఖాళీ సంచిలో వేసి బండి తీశాడు. సిరిసిల్లకు దగ్గరి దారి కొడిమ్యాల మీదుగానే. ఇన్నేళ్లలో చుట్టుదారి పట్టి ఎరుగని మనిషి, ఆ సాయంత్రం బండిని కోరుట్ల వైపు తిప్పాడు. అటు నుంచి కథలాపూర్, చందుర్తి మీదుగా పోతే ఆ ఇల్లు కంటబడదు. సంచిలో ఒంటరి డబ్బా గుంత వచ్చినప్పుడల్లా అతని తొడకు తగులుతోంది.

జగిత్యాల చివర పెట్రోలు బంకులో ఆగాడు. పెట్రోలు పోసే పెంటయ్య మీటరు మీదికి వంగాడు.

"ఖాజన్నా, మల్ల సున్నాలకు దగ్గరికచ్చింది. నువ్వు తిరిగిన తిరుగుడుకు దుబాయి ఎన్నిసార్లు పోయి అచ్చెటోనివో!"

ఖాజా నవ్వలేదు. రేపు సంతోష్ పెదనాన్న వచ్చి చెప్తాడు. ఆ పిల్ల ఏడుస్తూ ఫోను తీసి, ఈ ఫోటో వచ్చిన టైము చూస్తుంది. అప్పటికే మొగుడు లేడని తెలుసుకుంటుంది. డబ్బా ఏమైందని అడిగితే ఏం చెప్పాలి? అతనికి భయం వేసింది, సిగ్గు వేసింది. చావు కబురు మోయడం తన పని కాదు, నిజమే. కానీ ముట్టిందని చెప్పింది తనే. అది రాకేశ్ పంపిన మాట కాదు, కంపెనీ పంపిన మాట కాదు.

బండి వెనక్కి తిప్పాడు.

కొడిమ్యాల చేరేసరికి అరుగు మీది బల్బు వెలిగింది. సమ్మవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. బండి చప్పుడుకే లేచి నిలబడింది. ఖాజా హెల్మెట్ తీయలేదు. సంచిలోంచి డబ్బా తీసి రెండు చేతులా పట్టుకుని వచ్చాడు.

ఆమె డబ్బాను చూసింది. అతన్ని చూసింది.

"బరువెక్కువైందా తమ్మీ?"

ఖాజా డబ్బాను ఆమె వైపు చాపాడు.

"పొద్దుగాల్నే అన్నవ్ నువ్వు, నేనే ఇనలే. గింత దూరం మల్ల తిప్పిన గదా నిన్ను." నొచ్చుకుంటూనే డబ్బా అందుకుని అరుగు మీద పెట్టుకుంది. చేయి చాపి అతని జేబు అంచున ఉన్న దబ్బనం లాక్కుంది. "కూసో. కారప్పూస తీసేస్త. తొక్కొక్కటి పోతే సాలు వానికి. రాకేశ్ కారు ఇంక పోలేదు గదా?"

కుట్టు కింద దబ్బనం పెట్టి లేపింది. దారం ఒకటి తెగింది, ఇంకొకటి తెగింది. ఖాజా గట్టిగా కుడతాడు, ఆమె పళ్లు బిగబట్టి లాగుతోంది.

"ఇప్పకు అక్కా," అన్నాడు ఖాజా.

గడపలోకి వచ్చిన సౌమ్య చేతిలో ఫోను ఉంది. అందులో ఫోటో చూసింది. అరుగు మీద డబ్బా చూసింది. "చాచా, గీ డబ్బా రాకేశ్ చేతుల పెట్టినవ్ గదా," అంది. రాత్రి నుంచి కలవని ఫోను గుర్తొచ్చిందేమో, గడప పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

అప్పుడు ఖాజా హెల్మెట్ తీశాడు. సిరిసిల్ల సాంచాల చప్పుడు అలవాటైన ఆ గొంతు ఎన్నడూ లేనంత మెల్లగా పలికింది.

"పొద్దుగాల లేవలేదట అక్కా. నిద్రల్నే పోయిండట."

సమ్మవ్వ కేక మొదట ఎదురింటికి వినబడింది, తర్వాత వాడంతా వినబడింది. మనుషులు వచ్చారు. అత్తాకోడళ్లను పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. ఎవరో కాళ్ల కింద పడిన చేటను తీసి పక్కన పెట్టారు. ఖాజా చాలాసేపు బండి పక్కన నిలబడ్డాడు. దబ్బనం తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

అరుగు మీద, బల్బు వెలుగులో, 'సంతోష్, కొడిమ్యాల' అన్న అక్షరాల పక్కన సగం విప్పిన కుట్టులో దబ్బనం అలాగే గుచ్చి ఉంది.